పోలయ్య సూది

పాలెంలో అందరూ క్రీస్తుదాసును కాంపౌండరన్న అని పిలిచేవాళ్ళు. ఆయన కాంపౌండరు కాదు, అదీ సంగతి. నెల్లూరులో ఒక పెద్దాసుపత్రిలో పదకొండేళ్ళు వార్డుబాయిగా చేశాడు. గాజు సిరంజిలూ సూదులూ కడిగి, స్టీలు డబ్బాలో నీళ్ళు పోసి, స్టవ్వు మీద ఇరవై నిమిషాలు ఉడకబెట్టి, పటకారుతో తీసి తెల్లగుడ్డ మీద ఆరబెట్టడం ఆయన పని. ఇరవై అంటే ఇరవై నిమిషాలే. గోడ గడియారం చూస్తూ నిలబడాలి. తొందరపడి మూత తీస్తే నర్సమ్మలు చెడామడా తిట్టేవాళ్ళు. ఆ తిట్లు ఆయన తిన్నది రెండే రెండుసార్లు, రెండూ చేరిన కొత్తల్లోనే. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, పాపం తెలియక చేశాడులే అని మీరు ఆయన్ను వెనకేసుకు రాకూడదు. తెలుసు. ఆ చుట్టుపక్కల అందరికంటే ఆయనకే బాగా తెలుసు.

1957లో ఆయన భార్య ఎలిశబెతుకు ఈ పాలెంలో మిషన్ బడి పంతులమ్మ ఉద్యోగం వచ్చింది. జువ్వలదిన్నెకు దక్షిణంగా, సముద్రం ఒడ్డున ఇసుకలో తొంభై గుడిసెలు. బడి అంటే ఒకటే గది, తాటాకు కప్పు, ముప్పయ్యొక్క మంది పిల్లలు. క్రీస్తుదాసు ఆసుపత్రి పని మానేసి, ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఆవిడ వెంట వచ్చాడు. "పెళ్ళాం ఉద్యోగానికొస్తే మొగుడు పెట్టె మోసుకుంటా వచ్చినాడు రోయ్" అని వలలు బాగుచేసుకునే మగవాళ్ళు ఒకటే నవ్వు. ఆ నవ్వు ఆయనకు లోపల గుచ్చుకుంది. నెల తిరక్కుండా నెల్లూరు పోయి ఒక గాజు సిరంజి, రెండు సూదులు, స్పిరిట్ సీసా, డజను పెన్సిలిన్ బుడ్లు తెచ్చుకున్నాడు. డాక్టరు కావాలంటే కాలవ దాటి, ఇసుకలో బండి కట్టుకుని బిట్రగుంట దాకా పోవాల్సిన ఊరది. మూడు వారాలయ్యేసరికి నవ్విన మగవాళ్ళే చెయ్యి చాపి ఆయన ముందు నిలబడ్డారు.

మనిషి మంచివాడు. ఇది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పిలిస్తే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. చేపలిస్తే తీసుకునేవాడు, ఇవ్వకపోతే అడిగేవాడు కాదు. చంటిపిల్లలకు సూది వెయ్యాలంటే నోటితో కాకి కూత కూసి, వాళ్ళు తల తిప్పి వెతికేలోగా పని కానిచ్చేవాడు. కాంపౌండరన్న హస్తవాసి మంచిదని రెండేళ్ళలో చుట్టూ మూడు పాలేలకు పాకిపోయింది. ఆ మాట వినబడ్డప్పుడల్లా పైకి "అంతా దేవుడి దయ" అనేవాడు గానీ లోపల ఉబ్బిపోయేవాడు.

1959 వానల్లో ఊరిపెద్ద చిన్నపోలయ్యకు పక్కలో పోటుతో జ్వరం పట్టుకుంది. దగ్గితే కఫంలో ఎర్రటి చార. ఇంట్లో ఆడవాళ్ళు ఏడుపులు కూడా మొదలుపెట్టేశారు. క్రీస్తుదాసు ఐదు రోజులు పూటపూటకూ పెన్సిలిన్ వేశాడు. ఆరోనాడు పోలయ్య లేచి గోడకు చేరగిలబడి, "నెత్తళ్ళ పులుసు లేదా ఇంట్లో? గంజి పోసి పోసి చంపుతుండారే నన్ను!" అని భార్య మీద ఎగిరాడు. పాలెమంతా వచ్చి ఆ ఎగరడం చూసింది. బతికించింది మందు అని క్రీస్తుదాసు ఎంత మొత్తుకున్నా ఎవరి చెవికీ ఎక్కలేదు. మందు ఒంట్లోకి పోయి మాయమైపోయింది. కంటికి కనబడేది సూదే గదా! ఆనాటినుంచి దానికి పోలయ్య సూది అని పేరు. రెండో సూదిని ఎవరూ ఒంటిమీద పెట్టనిచ్చేవాళ్ళు కాదు.

ఇక్కడ ఈ పాలెం అలవాటొకటి చెప్పాలి. నూలువలలు ఉప్పునీళ్ళకు కుళ్ళిపోకుండా తుమ్మచెక్క వేసి కాచిన నీళ్ళ కాగులో ముంచి తీస్తారు. కానీ ఆ ఏటికి మొదటి పెద్దవేట ఏ వలలో పడితే ఆ వలను మాత్రం ముంచరు. దానికి వాసి పట్టిందంటారు. నిప్పు మీదికి పోతే ఆ వాసి దిగిపోతుందని భయం. పోగులు కుళ్ళిపోనీ, చేపలు సందుల్లోంచి జారిపోనీ, ఆ వల కాగు మొహం చూడదు. వలకున్న న్యాయమే సూదికీ వర్తించింది.

"నాయనా, పోలయ్యకేసిన సూదే నాకూ ఎయ్యి. దాన్ని ఉడకేసి వాసి తియ్యబాక" అని మొదట అడిగింది ఆదిశేషమ్మ అనే ముసలావిడ. క్రీస్తుదాసు నవ్వి, ఉడకబెట్టకపోతే ఎందుకు ప్రమాదమో చక్కగా వివరించాడు. ఆవిడ ఓపిగ్గా అంతా విని, సూది వేయించుకోకుండానే లేచి వెళ్ళిపోయింది. మర్నాడు మరి ఇద్దరు అట్లాగే వెళ్ళిపోయారు. పోయినవాళ్ళు శుక్రవారాల్లో కావలి నుంచి సైకిలు మీద వచ్చే ఇంకో సూదాయన దగ్గరికి పోతున్నారని తెలిసి క్రీస్తుదాసుకు ఒళ్ళు మండింది. ఆ సైకిలాయనకు సిరంజి పట్టుకోవడం కూడా సరిగ్గా రాదు! అప్పుడు ఒక ఉపాయం తోచింది. తెల్లవారకముందే ఇంట్లో తలుపేసుకుని సూదిని ఉడకబెట్టేవాడు. బయటికొచ్చి "ఉడకబెట్టలేదమ్మా, అట్నే ఉంది" అనేవాడు. జనం సంతోషం, సూది శుభ్రం. తన తెలివికి తనే మురిసిపోయాడు.

కానీ ఆ శుభ్రం మొదటి మనిషి వరకే. రెండో మనిషికి వేసేముందు మళ్ళీ ఉడకబెట్టాలి గదా, అందరి ముందూ ఎట్లా? స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేవాడు. పడవలు వేటకు పోని రోజుల్లో పాతికమంది వరస కట్టి, జ్వరమున్నవాళ్ళూ లేనివాళ్ళూ, బలానికి ఒక సూది వేయమనేవాళ్ళు. ఎర్రటి బలం మందు, ఒకటే సిరంజి, ఒకటే సూది, పాతిక చేతులు. మొన మొద్దుబారితే సానరాయి మీద నూరేవాడు. మొదట్లో మనసు పీకేది. ఏడాది గడిచాక పీకడం మానేసింది. ఎవరికీ ఏమీ కాలేదు కదా అనుకున్నాడు. కాకపోవడమేమిటి, అవుతూనే ఉంది. అది సూదివల్లేనని ఆయనకు తోచలేదు, అంతే.

1961 నుంచి పాలెంలో ఒకరి తర్వాత ఒకరికి కామెర్లు రావడం మొదలైంది. కళ్ళు పచ్చబడటం, అన్నం వాసనంటేనే వాంతి. ఇసుకలో తవ్వుకున్న చెలమల నీళ్ళ దోషమన్నారు కొందరు. ఎండ తగిలిందన్నారు కొందరు. కాలవ అవతల ఊళ్ళో ఒకాయన పరగడుపున పసరు పోసి, మణికట్టు మీద చిన్న వాత పెడతాడు. అందరూ అక్కడికే పోయి వచ్చేవాళ్ళు. నెలా రెండు నెలలు ఉప్పూ నూనే లేకుండా పత్యం చేస్తే ఎక్కువమందికి తగ్గిపోయేది. ఇద్దరికి తగ్గలేదు, పోయారు. క్రీస్తుదాసు కూడా నీళ్ళదే తప్పనుకుని, కాచి చల్లార్చి తాగండని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. నీళ్ళు కాచమన్నాడే, నీళ్ళు!

పేరమ్మ విధవరాలు. మొగుడు తుపానులో పడవతో పోయాడు. ఆవిడకున్నది ఒక్కడే కొడుకు, మునెయ్య, ఇరవయ్యేళ్ళవాడు. చిన్నపోలయ్య పడవలో పోతాడు. తల్లి వాడికి జువ్వలదిన్నెలో పిల్లను కూడా చూసి పెట్టింది. 1963 భాద్రపదంలో వల దులిపేటప్పుడు మునెయ్య అరికాల్లో జెల్లచేప ముల్లు దిగింది. రెండోరోజుకు కాలు పిక్క దాకా వాచింది. పేరమ్మ వాణ్ణి భుజం మీద ఆనించుకుని క్రీస్తుదాసు గుమ్మంలోకి తీసుకొచ్చింది.

ఆ రోజు వేట లేదు. వాళ్ళకు ముందు పదిమంది దాకా బలం సూదులు వేయించుకుని పోయారు. చివరివాడు కామాక్షయ్య. ఎండాకాలంలో వాడికి కామెర్లొచ్చి తగ్గాయి, ఇంకా మనిషి కోలుకోలేదు. సూది తీశాక కామాక్షయ్య చేతినుంచి రక్తం ఒక బొట్టు ఉబికింది. ఎందుకో క్రీస్తుదాసుకు ఆ మనిషి రంగు నచ్చలేదు. పదకొండేళ్ళ ఆసుపత్రి అలవాటు లోపల ఎక్కడో కదిలింది. సూది విప్పి గిన్నెలో నీళ్ళలో వేసి, స్టవ్వు దగ్గరికి లాక్కున్నాడు. చమురుందా అని డబ్బా కదిపి చూసి, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందన్నా అది?" పేరమ్మ గాభరాపడిపోయింది. "ఉడకేస్తుండావా? వొద్దన్నా! వాసి పోద్ది!"

"ఒక్క ఇరవై నిమిషాలు పేరమ్మా. కూర్చో."

"నీ కాళ్ళు పట్టుకుంటా, వొద్దు. నాకుండేది వీడొక్కడే. పోలయ్య మామను బతికించిన సూది అట్నే ఏస్తేనే నా బిడ్డ కాలు నిలబడేది. ఇంకెవురికన్నా ఉడకేసుకో, నా బిడ్డకొద్దు."

మునెయ్య నొప్పికి పళ్ళు కరుచుకుని నిలబడ్డాడు. గుమ్మం బయట ఇద్దరు ముగ్గురు చూస్తున్నారు. క్రీస్తుదాసు ఒక్క క్షణం అగ్గిపెట్టె పట్టుకుని ఆగాడు. తర్వాత దాన్ని కింద పెట్టాడు. సూదిని నీళ్ళలోంచి తీసి, స్పిరిట్ దూదితో రెండుసార్లు తుడిచి, మునెయ్యకు పెన్సిలిన్ వేశాడు. ఐదోరోజుకు కాలు తగ్గింది. పేరమ్మ రెండు పెద్ద వంజరం ముక్కలు తెచ్చి ఎలిశబెతు చేతిలో పెట్టి, "అన్న చెయ్యి సల్లగుండ" అని దీవించి పోయింది.

మూడు నెలలు గడిచాయి. డిసెంబరు నెలలో ఒకనాడు మునెయ్య తెడ్డు వెయ్యలేక పడవలో కూలబడ్డాడు. ఒడ్డుకొచ్చి చూస్తే కళ్ళు పసుపుముద్దలు. పసరు పోయించారు, వాత పెట్టించారు. పన్నెండు రోజులైనా తగ్గలేదు సరిగదా, మాట తేడా వచ్చింది. తల్లిని పట్టుకుని "ఎవురు నువ్వు?" అన్నాడు. పగలంతా మగతగా పడుకుని, లేస్తే వెక్కిళ్ళు. అప్పుడు క్రీస్తుదాసు పట్టుబట్టి, పోలయ్యను బతిమాలి బండి కట్టించి, బిట్రగుంటలో రైలెక్కించి, వాణ్ణి తల్లితో సహా తను పనిచేసిన నెల్లూరు ఆసుపత్రికే తీసుకుపోయాడు.

డాక్టర్ ఆనందకుమారి ఆయన్ను చూడగానే గుర్తుపట్టారు. మునెయ్య కనురెప్పలు ఎత్తి చూసి, పొట్ట మీద చెయ్యి వేసి నొక్కి చూసి, గ్లూకోజు పెట్టించారు. తర్వాత వరండాలోకి రమ్మని పిలిచారు.

"ఈ మూడు నాలుగు నెలల్లో ఇతనికి ఎవరైనా సూది వేశారా?"

"నేనే వేశానండీ. కాలు వాస్తే."

"ఉడకబెట్టావా?"

పదకొండేళ్ళు ఆవిడ సిరంజిలు ఉడకబెట్టిన మనిషి నేల చూశాడు. ఆవిడకు జవాబు అందింది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదని ఆయనకు తర్వాత చాలా రోజులు అనిపించింది.

"సూదిలో ఒకరి రక్తం ఆవగింజంత మిగిలినా చాలు" అన్నారావిడ. "దాంతో పాటే ఈ రోగం ఇంకొకరి ఒంట్లోకి పోతుంది. వైరస్ అంటున్నారు. మన మైక్రోస్కోపులకు కనబడదు. రెండు మూడు నెలలకు గానీ కళ్ళు పచ్చబడవు. అప్పటికి సూది వేయించుకున్న సంగతి ఎవరికి గుర్తుంటుంది? మీ ఊళ్ళో ఇంకెంతమందికి వచ్చింది?"

ఆయన వేళ్ళు మడిచి లెక్కబెట్టాడు. పది వేళ్ళూ అయిపోయాయి. మళ్ళీ మొదటినుంచి మడిచాడు. అవీ అయిపోయాయి. కామాక్షయ్య, కామాక్షయ్య చెల్లెలు, పోయిన ఇద్దరు, బడిపిల్లలు నలుగురు... ప్రతి పేరుతోపాటు ఆ చెయ్యి గుర్తొచ్చింది. ఏ చేతికి వేశాడో, ఏ రోజున వేశాడో కూడా గుర్తొచ్చింది.

"ఇరవై ఇద్దరండీ" అన్నాడు.

"అది కళ్ళు పచ్చబడినవాళ్ళ లెక్క. పచ్చబడకుండానే ఒంట్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు ఇంకెంతమందో. వాళ్ళు తింటారు, తిరుగుతారు, సముద్రంలోకి పోతారు. వాళ్ళకే తెలియదు. రక్తం తీసి చూసి ఫలానా వాళ్ళకుందని చెప్పే పరీక్ష నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు."

"మరి మందండీ?"

"లేదు." ఆవిడ అద్దాలు తీసి తుడుచుకున్నారు. "మీ పాలెం ఒక్కటే అనుకోకు. అటు కోవూరు వైపు పొలాల్లోంచీ, ఇటు పులికాటు దాకా, ఏ వారం చూసినా ఇట్లాంటి వాళ్ళు ఒకరో ఇద్దరో వస్తూనే ఉంటారు. చెప్పి పంపిస్తాను. ఇంటికి పోయి మళ్ళీ అదే సూదికి చెయ్యి చాపుతారు. నేనేం చెయ్యను చెప్పు?"

అంత పెద్ద డాక్టరమ్మ తనను అడుగుతోంది ఏం చెయ్యాలని!

మూడు రోజులు మునెయ్య మంచం పక్కన కూర్చున్నాడు. చెయ్యగలిగిందేమీ లేదు. గ్లూకోజు సీసా అయిపోతే నర్సమ్మను పిలవడం, వాడు కాళ్ళు తన్నుకుంటే పట్టుకోవడం, అంతే. రెండో రోజు పేరమ్మ ఆయన్ను బయటికి పిలిచి, చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

"అన్నా, మన సూది తెచ్చినావా?"

తెచ్చాడు. ఎప్పుడూ జేబులో ఉండే చిన్న రేకుడబ్బాలోనే ఉంది. "ఎందుకు?" అన్నాడు.

"వీళ్ళ సూదులు ఎన్ని పొడిచినా యాడ తగ్గుతుండాది? డాక్టరమ్మ అన్నానికి పొయినప్పుడు మన పోలయ్య సూది ఒక్కటి ఏసెయ్యన్నా. ఎవురికీ చెప్పను. ఒక్కటంటే ఒక్కటి."

"దాంతో లాభం లేదు పేరమ్మా."

"నీకెట్టా తెలుసు? ఆ పొద్దు కాలు పొయ్యేది, నిలబెట్టలేదా? నా మీద కోపమా? నేనేమన్నా తప్పు మాట్లాడినానా?" అని ఆవిడ అక్కడే వరండాలో, అందరూ చూస్తుండగా ఆయన కాళ్ళు చుట్టేసుకుంది. ఆయన ఆవిడ చేతులు విడిపించుకోలేకపోయాడు, ఆవిడకు నిజం చెప్పలేకపోయాడు. అయ్యో, కనీసం గట్టిగా ఏడవడం చేతనయినా బాగుండును. ఒక ఆయా వచ్చి ఆవిడను లేవదీసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మునెయ్య పోయాడు. పోయేముందు ముక్కునుంచి, చిగుళ్ళనుంచి రక్తం కారింది. పేరమ్మ కొంగుతో తుడుస్తూనే ఉంది, అది కారుతూనే ఉంది.

పాలేనికి తిరిగొచ్చిన మర్నాడే క్రీస్తుదాసు సూదినీ సిరంజినీ రాయి పెట్టి నలగ్గొట్టి, ఇసుకలో లోతుగా పూడ్చేశాడు. చిన్నపోలయ్య ఇంటికి పోయి, పెద్దలు నలుగురూ ఉండగా జరిగిందంతా చెప్పేశాడు. కామెర్లు నీళ్ళవల్ల కాదు, నా సూదివల్ల, ఇకమీదట ఉడకబెట్టని సూది ఎవరి దగ్గరా వేయించుకోవద్దు అన్నాడు. పోలయ్య లేచి ఆయన భుజం తట్టాడు. "నిన్ను చూస్తే బాధగా ఉండాది కాంపౌండరూ. పిల్లోడు నీ చేతుల్లో పొయినాడు గదా, మనసు చెదిరిపొయ్యింది నీకు. ఆ సూది చెడ్డదైతే నేను బతికుండేదెట్టా? నాలుగు దినాలు అన్నం తిని పడుకో, తగ్గిపోద్ది" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడో! తర్వాతి శుక్రవారం కావలి సైకిలాయన వచ్చాడు. క్రీస్తుదాసు పోయి వరసలో ఉన్నవాళ్ళ చేతులు పట్టుకుని లాగాడు. వాళ్ళు విసుక్కోలేదు. పిచ్చివాణ్ణి తప్పించినట్టు మెల్లగా తప్పించి, పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ పోయి వరసలో నిలబడ్డారు.

ఇక ఆయనకు ఒకటే కోరిక మిగిలింది, పేరమ్మకు చెప్పాలి. తప్పు చేసినవాడు ఎవరికి చేశాడో వాళ్ళ ముందు ఒప్పుకుంటే గుండె తేలికపడుతుందని చిన్నప్పటినుంచి ప్రతి ఆదివారం విన్న మనిషి. ఆవిడ తిట్టాలి. మొహాన ఉమ్మెయ్యాలి. దుమ్మెత్తిపోసి శాపనార్థాలు పెట్టాలి. ఒక్కరైనా పెట్టకపోతే తను బతకలేడనిపించింది.

"ఆవిడ వినగలిగే స్థితిలో ఉందో లేదో చూసుకోండి ముందు" అంది ఎలిశబెతు.

"చెప్పకపోతే నేనుండలేను."

"మీ సంగతి కాదండీ నేనడిగేది" అందావిడ. ఆయన వినిపించుకోలేదు.

పెద్దకర్మ అయిన మూడోరోజు పొద్దున పోయాడు. పేరమ్మ గుడిసె ముందు ఇసుకలో ఈతచాప పరిచి ఉప్పుచేపలు ఎండబోస్తోంది. కొడుకు పోయినా కడుపు మాడ్చుకోలేరు గదా. ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, ఎక్కడ ఆగితే మళ్ళీ నోరు రాదో అని ఒక్క బిగిన చెప్పేశాడు. కామాక్షయ్యకు వేసిన సూది. దాన్ని ఉడకబెట్టకుండా మునెయ్యకు వెయ్యడం. డాక్టరమ్మ చెప్పిన మాట. "నీ కొడుకును చంపింది కామెర్లు కాదు పేరమ్మా, నేను. నన్ను నువ్వు ఏమన్నా పడతాను" అని తల వంచుకున్నాడు.

పేరమ్మ చేతులు ఆగాయి. పాలెంలో ఎవరూ నమ్మని మాటను ఆవిడ ఒక్కతే నమ్మింది. అది ఆవిడ మొహంలో స్పష్టంగా తెలిసింది. ఆయన తిట్ల కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఆ పొద్దు నువ్వు సూదిని నీళ్ళలో ఏసినావు గదన్నా" అంది.

క్రీస్తుదాసు తలెత్తాడు.

"స్టవ్వు ముట్టియ్యబోతివి. అగ్గిపెట్టె నీ చేతిలో ఉండె."

తను ఏం చేశాడో ఆయనకు అప్పుడు తెలిసింది. దింపుకుందామని తెచ్చిన బరువు ఎవరి నెత్తిన పెట్టాడో అప్పుడు తెలిసింది. "లేదు లేదు" అన్నాడు తడబడుతూ. "ఆ రోజు చమురు లేదు పేరమ్మా. నువ్వు అనకపోయినా నేను ముట్టించేవాణ్ణి కాదు. నాకే బద్ధకం."

"చమురుండె. డబ్బా కదిపితే గలగలమనింది. నేను పక్కనే ఉంటిని గదా."

"నువ్వు తల్లివి. నీకేం తెలుసు? తెలిసినవాణ్ణి నేను. తప్పంతా నాది. దేవుడి సాక్షి, నాదే."

ఆవిడ ఆ మాటలు విన్నట్టే లేదు. "అన్నా, ఒక్కటి చెప్పు" అంది. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "ముట్టిచ్చుంటే ఉండేవోడా నా బిడ్డ?"

లేదు, ఉండేవాడు కాదు, వాడి రాత అంతే అని చెప్పేస్తే సరిపోయేది. చిన్న అబద్ధం. నాలుగేళ్ళు రోజుకు పాతికసార్లు 'ఉడకబెట్టలేదమ్మా' అని అలవోకగా ఆడిన నోరు. ఆ ఒక్కసారి, అవసరమైన ఆ ఒక్కసారి, అది తెరుచుకోలేదు. పేరమ్మ ఆయన మొహం చూసింది. తల మెల్లగా ఆడించింది.

తర్వాత చాప మీదికి వంగి చేపలు తిరగెయ్యడం మొదలుపెట్టింది. ఒక్కొక్క చేపనే తీసి తిరగేస్తూ, "నేనే వొద్దంటిని" అంది. ఇంకొకటి తిరగేసి మళ్ళీ అదే మాట, "నేనే వొద్దంటిని." క్రీస్తుదాసు అక్కడినుంచి ఎట్లా లేవాలో తెలియక, ఎండ నడినెత్తికి వచ్చేదాకా అట్లాగే గొంతుక్కూర్చుని ఉండిపోయాడు.